పన్నెండు నొప్పి మాటలు

1వ రోజు

ఇవాళ ఇందుమతి పెట్టె నా చేతికి వచ్చింది. పెట్టె పట్టినవాళ్లు కార్డులు అడిగే రోజుల్లో దినచర్య రాయాలని మా శిక్షణ చూసే అప్పలస్వామి మాస్టారి నియమం. అందుకని రాస్తున్నాను తప్ప, ఆ పిల్ల గురించి రాయాలన్న ముచ్చట నాకేమీ లేదు.

పిల్ల అంటున్నాను గానీ ఇరవై ఆరేళ్లు. పలాస మనిషి. నిన్నటి ఓడలో దిగింది. ఇక్కడ నడుముకు బరువుల పట్టీ కట్టుకోకుండా నడవకూడదని దిగగానే చెబుతారు. ఈవిడ గారు అది విప్పి బల్ల మీద పెట్టి మంచినీళ్లకు లేచింది. తల వెళ్లి కప్పుకు కొట్టుకుంది. "ఓలమ్మ" అని తనే నవ్వుకుని మళ్లీ లేచింది, మళ్లీ కొట్టుకుంది. భోజనాల గదిలో ఉన్న జపాన్ పెద్దవాళ్లంతా చెంచాలు ఆపి చూశారు. చంద్రుడి మీద కీళ్ల నొప్పులు తక్కువని వాళ్లు వచ్చారు. వాళ్లను చూసుకోవడానికి మేం వచ్చాం.

పెట్టెల పద్ధతి గురించి ఒక్కసారి రాసేస్తాను. పెట్టెలో ఏడు గడులుంటాయి. కార్డుకు ఒకవైపు జపనీస్ మాట, రెండోవైపు అర్థం. కొత్త కార్డు మొదటి గడిలో ఉంటుంది. సరిగ్గా చెబితే తర్వాతి గడికి వెళ్తుంది. గడుల వంతు వరసగా ఒకటో రోజు, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పైరెండు, అరవైనాలుగు. మరుపు రాబోయే ముందురోజు అడగడమే దీని కిటుకు. తప్పు చెప్పామా, ఎంత దూరం పోయిన కార్డయినా మొదటి గడిలో వచ్చి పడుతుంది, మర్నాడు మళ్లీ అడగాలి. ఎవరి పెట్టె వాళ్లు ఉంచుకోకూడదు. తన కార్డు తనే అడుక్కునే మనిషి తనకు తానే మార్కులు వేసుకుంటాడంటారు మాస్టారు. అందుకే జతలు. ఆమె పెట్టె నాకు, నా పెట్టె ఆమెకు.

నా పెట్టెలో మూడు వేల కార్డులున్నాయి. మొదటి గడిలో ఒక్కటీ లేదు. ఆ సంగతి ఇందుమతికి రెండుసార్లు చెప్పాను.

ఆమె భూమ్మీద రెండేళ్లు భాష నేర్చుకునే వచ్చింది. ఇక్కడి పెట్టెలో ఉన్నవి ముసలివాళ్ల సేవకు కావలసిన రెండొందల నలభై మాటలు. వాటిని ముప్పైరెండు రోజుల్లో పట్టాలి. ఆ రోజున హిసాయె సాన్ తన 'వినేమనిషి'ని ఎన్నుకుంటారు.

హిసాయె సాన్‌కు తొంభై నాలుగేళ్లు. జపాన్‌లో ఏదో చిన్న ఊరి బడి వంటగదిలో నలభై ఏళ్లు వండారు. నాలుగేళ్ల నుంచీ ఆవిడకు స్నానం, మందులు, నడక అన్నీ నేనే. ఇప్పుడు గుండె కవాటం పాడైంది. కోస్తే బతకవచ్చు, బల్ల మీదే పోవచ్చు కూడా. ఏం చెయ్యాలో ఆవిడే నోటితో చెప్పాలి, పక్కన ఉన్న మనిషి చెవితో విని చెప్పాలి. అంతకుముందు చెవియంత్రాలు వినేవి. ఒకసారి ఒక పెద్దాయన దగ్గితే యంత్రం దాన్ని 'సమ్మతం' అని రాసుకుంది, ఆయన్ను కోసేశారు. అప్పటినుంచీ ఈ చట్టం. యంత్రం కావాలంటే మనిషి దొరకలేదని రాసి ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాలి.

నా నాలుగేళ్ల గడువు ఈ నెలాఖరుతో సరి. హిసాయె సాన్ నా పేరు చెబితే ఆవిడ ఉన్నన్నాళ్లూ ఉంటాను. చెప్పకపోతే తర్వాతి ఓడ ఎక్కాలి. చెప్పకపోవడం అనేది ఉండదు. అయినా రాశాను.

2వ రోజు

ఇరవై అడిగితే ఎనిమిది చెప్పింది. నాకు సంతోషమైంది. దినచర్యలో అబద్ధాలు రాయకూడదు కదా.

నా పద్ధతి నేర్పుదామని కూర్చోబెట్టాను. నేను ప్రతి మాటనూ బస్సు ఎక్కిస్తాను. పదేళ్లు అనకాపల్లి నుంచి విశాఖకు రోజూ బస్సులో తిరిగినదాన్ని, కళ్లు మూస్తే ప్రతి స్టాపూ కనిపిస్తుంది. లంకెలపాలెంలో ఇడ్లీల బండి నుంచి లేచే ఆవిరి బస్సు అద్దాన్ని కమ్మేస్తుంది. 'యుగె' అంటే ఆవిరి. కూర్మన్నపాలెంలో గరిటె పట్టుకుని కండక్టరుతో తగూలాడే ఆడమనిషి. 'ఒతమా' అంటే గరిటె. గాజువాక దాటేసరికి రెండొందల మాటలు అలవోకగా వచ్చేస్తాయి. ఆర్టీసీ కాంప్లెక్స్ చేరేలోపు మూడు వేలు. ఇక్కడ నాకంటే ఎక్కువ మాటలున్నవాళ్లు లేరు.

ఇందుమతి కళ్లు మూసుకుంది, తెరిచింది. "నాకు కళ్లు మూస్తే సీకటే కనపడతాదక్కా. సేతికి పనుంటేనే నా బుర్ర నడుస్తాది."

వాళ్లమ్మ జీడిపప్పు షెడ్డులో పొట్టు తీసే పని చేసేదట. చిన్నప్పుడు పక్కన కూర్చుని పొట్టు తీస్తూ ఎక్కాలు నేర్చుకుందట. అందుకని మాటకో చేతిపని కడుతుంది. ఆవిరి అంటే కనపడని కుండ మీద అరచెయ్యి తిప్పుతుంది. గరిటె అంటే మోచెయ్యి దాకా కలుపుతుంది. చూడటానికి పిచ్చిదానిలా ఉంది.

మధ్యాహ్నం హిసాయె సాన్ గదిలో 'షియొ' అడిగాను. ఉప్పు. ఇందుమతి రెండు వేళ్లతో చిటికెడు చల్లినట్టు చేసింది. హిసాయె సాన్ మంచం మీద నుంచి తల అడ్డంగా తిప్పారు. ఆరు వందల మంది పిల్లలకు చిటికెడేం సరిపోతుందని, పిడికిలి పట్టి విసిరి చూపించారు. ఇందుమతి కూడా విసిరింది. ఇద్దరూ లేని ఉప్పును లేని గంగాళంలో విసురుకుంటూ నవ్వారు. హిసాయె సాన్‌కు నవ్వితే దగ్గు వస్తుంది. దగ్గుతూ కూడా నవ్వారు.

నాలుగేళ్లలో నాతో అలా నవ్వలేదు. ఒక్కసారి కూడా లేదు.

ఇంకో సంగతి. ఇందుమతి ఆవిడను 'మామ్మా' అంటోంది. ఇలాంటి చోట మన 'గారు' లాగా సాన్ అనాలని చెప్పాను. "నాకలా రాదక్కా, నోటికి మామ్మే వత్తాది" అంది. హిసాయె సాన్ మామ్మ అంటే ఏమిటని నన్నడిగారు. చెప్పాను. బాగుందన్నారు.

4వ రోజు

ఇరవైకి పదిహేడు.

పొద్దున్న స్నానానికి తడిగుడ్డలు పట్టుకుని వెళ్తే హిసాయె సాన్ నా భుజం మీదుగా తలుపు వైపు చూశారు. "చేతుల పిల్ల రాలేదా?" అని అడిగారు. నేనున్నానుగా అన్నాను. "నువ్వున్నావు" అన్నారు. అంతే. వీపు తుడిచేసి వచ్చాను.

ఒళ్లు మండిపోయింది. నిజం రాస్తాను, కుళ్లుకున్నాను. ఆ పిల్ల వచ్చి నాలుగు రోజులు. నేను ఆవిడ గోళ్లు ఎన్నిసార్లు తీశానో నాకే లెక్క తెలియదు.

సాయంత్రం ఇందుమతి పెట్టె తెరిచాను. అందులో నొప్పి మాటలు పన్నెండున్నాయి. ఇక్కడి పనిలో అవే ప్రాణం. జపాన్‌వాళ్లు నొప్పి ఎలా ఉందో జంట మాటల్లో చెబుతారు. జుకిజుకి అంటే సలుపు. కిరికిరి అంటే లోపల తొలిచేస్తున్నట్టు. హిరిహిరి అంటే మంట. చికుచికు అంటే సూదులు గుచ్చినట్టు. షికుషికు అంటే సన్నగా, మానకుండా పీకుతూ ఉండటం. అన్నీ ఒకేలా వినిపిస్తాయి, ఒకదానికి బదులు ఇంకోటి చెబితే డాక్టరు వేరే మందిస్తాడు. నాకు అవి పట్టడానికి ఏడాది పట్టింది.

ఆ పన్నెండూ బయటికి తీశాను. నా బరువుల పట్టీలోంచి ఒక ఇనుప పలక తీసేసి, ఆ జేబులో కార్డులు పెట్టి కుట్టేశాను. అడగని మాట దానంతటదే పోతుంది. నేనేమీ చెయ్యక్కర్లేదు.

8వ రోజు

పలక తీసేసినందుకు ఎడమవైపు తేలికైపోయింది. నడుస్తుంటే పక్కకు ఒరుగుతున్నాను. తుంటి పట్టేసిందేమోనని మాస్టారు తైలం ఇచ్చారు. రాసుకోక తప్పలేదు.

ఇందుమతి నా కార్డులు అడుగుతోంది. ఆ రోజు వంతు గడిలో ఎన్నుంటే అన్నీ అడుగుతుంది, ఒక్కటి వదలదు. నేను చెప్పిన ప్రతిదానికీ నోరు తెరుచుకుని చూస్తుంది. "అన్నెలా గురుతుంటాయక్కా నీకు?" అంటుంది. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది. తర్వాత మరింత ఒళ్లు మండుతుంది.

ఆమె కార్డులు అడిగాను. అరవైకి యాభై ఎనిమిది. పెట్టె మూసేశాక అడిగింది.

"అక్కా, నొప్పి మాటలు రాలేదేటి? కింద ట్రైనింగులో అయ్యే ముఖ్యం అన్నారు."

"అవి మాస్టారు తర్వాత ఇస్తారు. తొందరెందుకు?"

"తొందర కాదక్కా. మామ్మకి నిన్న గుండెలో ఏటో అయింది. నాకేటో మాట సెప్పింది, నాకు తెలీనేదు. పిచ్చిదానిలాగ సూస్తుండిపోనాను."

"నన్ను పిలవాల్సింది."

"నువ్వు నీళ్ల వంతుకి ఎల్లావు కదా."

ఏం మాట అని అడగలేదు. నాకు చెప్పాలని ఆవిడకు అనిపిస్తే చెప్పేవారు కదా అనుకున్నాను. ఇదీ కుళ్లే. తర్వాత వెళ్లి నాడి చూశాను, మామూలుగానే ఉంది.

16వ రోజు

ఈ రోజు రాయడానికి చెయ్యి రావడం లేదు.

నాకు పదకొండింటికి ధూళి జల్లెళ్లు దులిపే పని. తొందరగా అయిపోయి హిసాయె సాన్ గదికి వెళ్లాను. తలుపు సగం తెరిచి ఉంది. ఇందుమతి మంచం పక్కన కూర్చుని చెయ్యి చాచింది. ఆవిడ ఆ పిల్ల మణికట్టు పట్టుకుని బొటనవేలితో నొక్కుతున్నారు. నొక్కి వదిలి, నొక్కి వదిలి, గుండె కొట్టుకున్నట్టు.

"జుకిజుకి" అన్నారు హిసాయె సాన్.

ఇందుమతి ఒక్క క్షణం ఆగి, "సలుపు" అంది.

"సలుపు" అన్నారు ఆవిడ. పళ్లు లేని నోటితో మా మాట.

తర్వాత ఆవిడ గోటి కొనతో ఆమె అరచేతిని మెలిపెట్టారు. "కిరికిరి." ఇందుమతి "అబ్బా" అని చెయ్యి లాక్కుని, "తొలిసేత్తంది" అంది. మళ్లీ చెయ్యి ఇచ్చింది. నాకు వినిపించినంత వరకు ఆరు మాటలయ్యాయి. ఒక్కో నొప్పినీ ఆ పిల్ల ఒంటి మీద ఆవిడ చేసి చూపించారు. ఇందుమతి అదే నొప్పిని ఆవిడ చేతి మీద మెల్లిగా, తగలకుండా, తిరిగి చేసింది.

కార్డులు లేవు కాబట్టి ఆ పిల్ల నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్లింది. కార్డులు లేకుండా చేసింది నేను. పెట్టెలో ఉండి ఉంటే అట్టముక్క మీద చదువుకుని నాకు అప్పజెప్పేది, ఇద్దరికీ ఆ చెయ్యి పట్టుకునే అవసరమే వచ్చేది కాదు. చేజేతులా చేసుకున్నాను. అది తెలిసి నా మీద కోపం రావాలి. రాలేదు. ఇందుమతి మీదే వచ్చింది.

లోపలికి వెళ్లి, మందుల వేళైందని చెప్పి ఇద్దరినీ విడదీశాను. ఇంకా ఇరవై నిమిషాలుంది.

32వ రోజు

పది గంటలకు మాస్టారు, డాక్టరు, మేమిద్దరం హిసాయె సాన్ మంచం చుట్టూ నిలబడ్డాం. మాస్టారు నియమం ప్రకారం అడిగారు. మీ మాట ఎవరు వినాలి?

హిసాయె సాన్ నా వైపు చూశారు. ఆ చూపు చూసి నా పేరే అనుకున్నాను. లోపల దండం కూడా పెట్టుకున్నాను.

"చేతుల పిల్ల" అన్నారు.

మాస్టారు రాసుకున్నారు. వినేమనిషిని ఖాయం చేసే ముందు ఆ మనిషి పెట్టె లెక్క చూడాలి, నొప్పి మాటలు అందరి ఎదుటా అడగాలి. పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాను. మాస్టారు లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు.

"రెండొందల ఇరవై ఎనిమిదే ఉన్నాయి. నొప్పి కార్డులు లేవు. ఏమ్మా, ఇందుమతీ?"

"నాకు రానేదండి. తరవాత ఇత్తారని..." అని నా వైపు చూసి ఆగిపోయింది. చెప్పింది నేనని అనలేదు. అనేస్తే బాగుండును, దాని మీద ఒక కోపం మిగిలేది.

"పెట్టెలో తక్కువైతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే వినేమనిషి లేదు. కార్డులు ఎలా పోయాయో తేలేదాకా జతలో ఇద్దరి పేర్లూ కొట్టేస్తాను" అన్నారు మాస్టారు. "డాక్టరు గారు ఆగలేనంటున్నారు. ఇంకెవరికీ ఈవిడ మాట పట్టుబడదు. యంత్రానికి అనుమతి అడగాల్సిందే."

ఆ మాట వినగానే నా మనసులో ఏముందో రాస్తాను. హమ్మయ్య అనుకున్నాను. నాకు దక్కకపోతే ఎవరికీ దక్కకపోవడమే న్యాయం అనుకున్నాను. ఓడలో కిటికీ పక్క సీటు కూడా ఊహించుకున్నాను.

అప్పుడు హిసాయె సాన్‌కు దగ్గు వచ్చింది. పొడి దగ్గు, రోజూ వచ్చేదే. డాక్టరు పలక మీద ఏదో రాసుకుంటూ తల కూడా ఎత్తలేదు. ఇందుమతి మాత్రం వీపు కింద చెయ్యి వేసి లేపింది. రేపు ఈ దగ్గును వినేది యంత్రం.

బరువుల పట్టీ విప్పి, కుట్టు పళ్లతో తెంపి, పన్నెండు కార్డులు బల్ల మీద పెట్టాను. పట్టీ లేకపోవడంతో కాళ్లు నేల మీద ఆనలేదు. మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

"నేనే తీశాను మాస్టారూ. నాలుగో రోజు. కుళ్లు పుట్టి తీశాను."

మాస్టారు ఆ కార్డులను చేతిలోకి తీసుకున్నారు. "తైలం కూడా ఇచ్చాను కదమ్మా నీకు" అన్నారు.

తర్వాత ఒక్కో కార్డూ చదివారు. ఇందుమతి నోటితో చెప్పడానికి ముందు చేత్తో చూపింది. సలుపు. తొలుపు. మంట. పోటు. ఒక్కటైనా తప్పాలని నేను కోరుకుంటూనే ఉన్నాను, దొంగతనం ఒప్పుకున్న తర్వాత కూడా. పన్నెండుకు పన్నెండు.

నన్ను పనివాళ్ల జాబితాలోంచి తీసేశారు. నాలుగు రోజుల్లో ఓడ. సాయంత్రం హిసాయె సాన్ గదికి వెళ్లి జరిగింది చెప్పి, క్షమించమన్నాను. ఆవిడకు కార్డుల సంగతి పట్టలేదు. నేను ఎందుకు కాదని అడిగాను. అడగకూడదు. అడిగాను.

ఆవిడ మెల్లిగా చెప్పారు. "నేను ఏదైనా అంటే నువ్వు ఎక్కడికో వెళ్లేదానివి. కళ్లు ఇక్కడే ఉండేవి, నువ్వు ఉండేదానివి కాదు. కాసేపటికి అర్థం తీసుకుని తిరిగొచ్చేదానివి. ప్రతిసారీ సరిగ్గానే తెచ్చేదానివి. కానీ నొప్పిగా ఉన్నప్పుడు, ఆ కాసేపూ నేను ఒక్కదాన్నే ఉండేదాన్ని."

ఆవిడ ఆ చివరి మాట అంటుండగానే నేను నా బస్సులో కంచరపాలెం స్టాపు దగ్గరున్నాను.

64వ రోజు

భీమిలి. భూమి బరువుకు మళ్లీ అలవాటు పడేవాళ్లను ఉంచే ఆసుపత్రి. ఇక్కడ దినచర్య ఎవరూ అడగరు, నా చేతిలో ఎవరి పెట్టే లేదు. అయినా ఈ రోజు రాస్తున్నాను. నాలుగేళ్లు ఆరో వంతు బరువుతో తిరిగిన ఒళ్లు, మంచం మీద నుంచి లేస్తే మోకాళ్లు సలుపుతాయి. నర్సు ఎలా ఉందని అడిగితే నోట్లో ముందు జుకిజుకి వచ్చింది. ఏ బస్సూ ఎక్కకుండానే వచ్చింది. దొంగిలించిన పన్నెండు కార్డులూ నడుముకు కట్టుకుని రోజూ తడుముకునేదాన్ని, ఆ మాటలు మాత్రం నాకు ఈ జన్మకు పోవు.

మిగతావి పోతాయని ఎదురుచూస్తున్నాను. పోతే బాగుండు. అడిగేవాళ్లు లేని మాటలు ఎన్నాళ్లుంటాయి?

పొద్దున్న తొమ్మిదింటికి పిలుపు వచ్చింది. పైనుంచి. మాట వెళ్లి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది, అందుకని ఇద్దరం ఒకరి మాట మీద ఒకరు పడ్డాం.

"అక్కా, నానే. బాగున్నావా?"

"హిసాయె సాన్‌కు ఏమైంది?"

"ఏటీ అవనేదు. కొయ్యొద్దు అనేసింది. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ వొద్దంది. కాగితం మీద రాసేసాం. ఇప్పుడు కిటికీ కాడ కుర్సీలో ఉంది. ఎక్కువ రోజులుండదంటన్నారు డాక్టరు. కానీ నొప్పి తక్కువే. నిన్న నన్నడిగి ముద్దపప్పు తింది."

ముద్దపప్పు. నాలుగేళ్లు గంజిలాంటి జావ తినిపించాను. ఒక్కనాడూ ఏం తింటారని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అది విని కలిగింది దిగులో కుళ్లో విడదీసి చూడలేదు.

"ఇది చెప్పడానికి చేశావా?"

"కాదక్కా. ఇయ్యాల నీ పెట్టె రోజు. ఆఖరి గడి. మరిసిపోనావా?"

నా పెట్టె దాని దగ్గరే ఉండిపోయిందని నాకు గుర్తే లేదు. జాబితాలోంచి తీసేసినవాళ్ల పెట్టె ఖాళీ చేసి కార్డులు కొత్తవాళ్లకు పంచుతారు.

"మాస్టారు ఊరుకున్నారా?"

"అడిగాను. నీ జత నీ ఇట్టం అన్నారు. అడగమంటావా, ఒద్దంటావా?"

అడగమన్నాను. ఆఖరి గడిలో మిగిలినవన్నీ పావుగంట సేపు వరసగా అడిగింది. నా బస్సు నడుస్తూనే ఉంది, ఒక్క స్టాపు కూడా ఖాళీ కాలేదు. ప్రతి జవాబు తర్వాత ఆ రెండున్నర సెకన్లూ ఆగి, "రైటక్కా" అంటుంది. దాని వెనక మెల్లిగా ఎవరో దగ్గడం వినిపించింది. ఆ గదిలోంచే చేస్తోంది. అన్నీ రైటయితే ఆఖరి గడి దాటిపోతాయి. ఆఖరి గడి దాటిన కార్డును మళ్లీ అడగరు. పెట్టె మూసేస్తారు.

"ఇదే ఆఖరిది. హిజా."

పైన రోజూ పదిసార్లు వినే మాట. పసిపిల్లలకు కూడా వస్తుంది. నా ఎదురుగా దుప్పటి మీద రెండున్నాయి, రెంటికీ తైలం రాసి పట్టీలు కట్టారు. వాటి వైపే చూస్తూ చెప్పాను.

"మోచెయ్యి."

రెండున్నర సెకన్లయింది. ఇంకో రెండున్నర కూడా అయింది. లైను తెగిపోయిందేమో అనుకున్నాను.

"తప్పక్కా" అంది ఇందుమతి. "మోకాలు. మొదటి గడిలో ఎట్టేత్తన్నాను. రేపు ఇదే టైముకి మళ్లీ అడుగుతాను."

సరేనన్నాను. పెట్టేసింది. రేపు తొమ్మిదింటికి ఆ పిల్ల నాకోసం కూర్చోవాలి. ఆ కాసేపైనా హిసాయె సాన్ చెయ్యి దాని చేతిలో ఉండదు. ఎల్లుండి కూడా నాకు మోకాలు గుర్తుండదు.